పడవ కదిలే ముందు

మా నానమ్మ థోరా ఎన్నికల్లో గెలిచిందని తెలిసినప్పుడు పెరట్లో వెల్లుల్లి నాటుతోంది. టపా పడవ నడిపే నాడీన్ అక్క పేపరు పట్టుకుని కొండ ఎక్కి వచ్చింది. నానమ్మ చేతులకున్న మట్టి గౌనుకి తుడుచుకుని పేరు చూసుకుంది.

"ఇరవై ఒక్కళ్ళలో చిన్న దీవుల నుంచి నేనొక్కదాన్నేనా?"

"నువ్వొక్కదానివే, అత్తయ్యా."

"అయితే గట్టిగా అరవాలన్నమాట," అని మళ్ళీ వంగి మిగిలిన రెబ్బలు నాటింది.

మా కౌంటీ అంతా దీవులే. ఇన్నాళ్ళూ ముగ్గురు కమిషనర్లు దాన్ని నడిపారు. ఆ పద్ధతి మార్చి ఆరుగురితో కౌన్సిల్ పెట్టుకోవాలని, అందుకు చార్టర్ అనే కొత్త నియమావళి రాయించుకోవాలని జనం అనుకున్నారు. అది రాయడానికి ఎన్నుకున్న కమిటీలో నానమ్మ చేరింది. ఆమెకి చార్టర్ మీద పెద్ద మోజేమీ లేదు. ఆమెకి కావలసింది ఒక్కటే.

టర్న్, పికెట్, స్కూప్, లిటిల్ యూ అని మావి నాలుగు చిన్న దీవులు. ఒకదాని మీద నిలబడి కేకేస్తే గాలిని బట్టి రెండోదాని మీద వినిపిస్తుంది. నాలుగింటికీ ఒకటే బడి, అది మా టర్న్‌లో ఉంది. నర్సు కూడా ఒక్కతే, వారానికోసారి పడవలో వస్తుంది. కానీ కమిషనర్ల లెక్కలో మేము మూడు ముక్కలం. నేను ఆరో తరగతిలో ఉండగా నర్సు పడవ ఇంజను చెడిపోయింది. నానమ్మ ఒక కమిషనరుకి ఫోను చేస్తే ఆయన ఇంకొకాయన నంబరు ఇచ్చాడు. ఆ ఇంకొకాయన మూడో ఆవిడ నంబరు ఇచ్చాడు. ఆవిడ ఎంతో మర్యాదగా మొదటాయన నంబరు ఇచ్చింది. ఏడు వారాలు నర్సు రాలేదు. ఆ ఏడు వారాల్లోనే పికెట్‌లో ఉండే రొవీనాకి చెవిపోటు ముదిరిపోయింది. నా వయసు పిల్లలు మా బడిలో ఇంకెవరూ లేరు, రొవీనా ఒక్కతే. ఇప్పుడు ఆమెకి ఎడమ చెవి దాదాపు వినిపించదు. అందుకని బల్ల మీద నేనెప్పుడూ ఆమెకి కుడివైపు కూర్చుంటాను.

ఈసారి నాలుగు దీవుల్నీ ఒకే నియోజకవర్గంలో పెట్టించాలన్నది నానమ్మ పట్టుదల. మేము అడిగితే ఎవరు జవాబు చెప్పాలో తెలియాలి, అంతే.

జూన్‌లో కమిటీ గీసిన మొదటి పటం వచ్చింది. నానమ్మ దాన్ని వంటింటి బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు జాడీలు పెట్టింది. టర్న్ ఆకుపచ్చ, పికెట్ పసుపు. స్కూపూ లిటిల్ యూ గులాబీ రంగు.

"చూశావా తల్లీ," అంది. "ఇదివరకటి ముక్కలే. రంగులు మాత్రం బాగున్నాయి."

ఆ వారం సమావేశానికి ఆమె సంచి మోయడానికి, రాత్రికి అక్కడే ఉండిపోయేట్టు, నేనూ కారో దీవికి వెళ్ళాను. కోర్టు భవనం ఉండేది అక్కడే. కమిటీ అధ్యక్షుడు డెల్బర్ట్ ఫేన్ గారు. ఒకప్పుడు సర్వేయరు. సన్నగా, పొడుగ్గా ఉంటారు, పెన్సిలు చెవి మీద పెట్టుకుని అది ఎక్కడుందోనని వెతుక్కుంటారు. నాకు ఆయన మీద కోపం తెచ్చుకోవాలనిపించింది గానీ రాలేదు.

"థోరా గారూ, మీరు ఇంకోలా ఆలోచించండి," అన్నారాయన. "ఒక్క సభ్యుడి కన్నా ముగ్గురు నయం కదండీ. ఆరుగురిలో ముగ్గురు మీ తరఫున మాట్లాడతారు."

"ఫేన్ గారూ, మీకు కుక్క ఉంది కదా. దానికి తిండి ఎవరు పెడతారు?"

"ముగ్గురం పెడతాం. నేను, మా ఆవిడ, మా అబ్బాయి."

"అందుకేనేమో పాపం, ఇందాక రొట్టెల కొట్టు వెనకాల డబ్బాలో తల దూర్చి కనబడింది."

అందరూ నవ్వారు. ఫేన్ గారు కూడా నవ్వారు, కానీ పటం మారలేదు. సియాటిల్ నుంచి వచ్చిన లాయరు లేచి చట్టం చెప్పాడు. కౌన్సిల్‌లో ఒక్కో సభ్యుడికీ ఇంచుమించు సమానంగా మనుషులుండాలి, అంటే రెండున్నర వేల మంది. మా నాలుగు దీవులూ కలిపితే నాలుగు వందల పన్నెండు. సొంత సభ్యుడు కుదరదు.

"సొంత కుర్చీ ఎవరడిగారు నాయనా," అంది నానమ్మ. "మా నాలుగింటినీ కలిపి ఎవరికైనా అంటగట్టండి. చీల్చొద్దు, అంతే."

అంటగడితే అంటగట్టాల్సింది లుండ్ దీవి ఉత్తరపు కొసకి. అక్కడి నుంచి వచ్చిన కమిటీ సభ్యుడు లెమ్యుయెల్ కోట్స్, ఆవుల మంద ఉన్నాయన. ఆయన కుర్చీలో వెనక్కి వాలి అడిగాడు. "ఇదంతా మీ కోరికా, మీ దీవుల కోరికా? పదకొండు సమావేశాలు జరిగాయి. మీ వాళ్ళు ఒక్కరైనా వచ్చారా?"

"సమావేశం ఏడింటికి పెడతారు. ఇక్కణ్ణుంచి మా దీవులకి ఆఖరి పడవ అయిదింటికి. ఈదుకుంటూ పోవాలా?"

"మరి వాళ్ళ మాట మేమెట్లా వినాలి?"

"మీరే రండి. ఆగస్టులో రెండో శనివారం. భోజనం నేను పెడతాను."

ఆ భోజనం దగ్గరే నానమ్మ తప్పు చేసింది. అది ఆమెకీ తెలియలేదు, మా దీవిలో మరెవరికీ తెలియలేదు.

ముందు వారం మా నాలుగు దీవుల వాళ్ళనీ బడిలో కూర్చోబెట్టి ఎవరేం చెప్పాలో పంచింది. అందరికన్నా పెద్దాయన, ఎనభై ఆరేళ్ళ ఓవిడ్ తాత, కుంగిపోతున్న రేవు గురించి మాట్లాడాలి. రొవీనా వాళ్ళమ్మ పెల్ ఆంటీ నర్సు సంగతి చెప్పాలి. మా టీచరుకి మిగతా దీవుల పిల్లల్ని తెచ్చే బడి పడవ. నా దాకా వచ్చేసరికి నేను గిన్నెలు కడుగుతానన్నాను. నానమ్మ కాసేపు నా వైపు చూసింది. "అదీ కావాలిలే," అంది.

శనివారం ఇరవై ఒక్కరిలో పదిహేడు మంది నాడీన్ అక్క పడవలో వచ్చారు. గాలి లేదు, సముద్రం నూనె పోసినట్టు ఉంది. బడి ముందు బల్లలు వేసి పొగబెట్టిన సాల్మన్ చేప, క్లామ్ గుల్లల సూపు, వెన్న రాసిన మొక్కజొన్న పొత్తులు, బ్లాక్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చిన తొమ్మిది పైలు పెట్టాం. కోట్స్ గారు మూడు ముక్కలు పై తిని, నాలుగోదాని వైపు చూసి, ఎవరూ చూడట్లేదనుకుని తీసుకున్నారు. తర్వాత అందరూ బడిలోకి వెళ్ళారు. పిల్లల కుర్చీల్లో మోకాళ్ళు గడ్డాలకి తగిలేట్టు కూర్చున్నారు. గుమస్తా కొరీన్ గారు కాగితాలు తీసి రాయడానికి సిద్ధమయ్యారు.

"చెప్పండి," అన్నారు ఫేన్ గారు. "మీ ఇబ్బందులు వినడానికే వచ్చాం. రేవు ఎలా ఉందండీ?"

ఓవిడ్ తాత లేచాడు. టోపీ చేతిలో తిప్పాడు. "నిలబడే ఉందండీ," అన్నాడు.

"బాగుచేయించాలా?"

"ఇప్పుడు మీరు దాని మీదుగానే వచ్చారు కదా. ఎవరూ పడలేదుగా." కూర్చున్నాడు.

"నర్సు వస్తోందామ్మా?"

"వస్తుందండీ, మంచి పిల్ల," అంది పెల్ ఆంటీ.

"బడి పడవో?"

మా టీచరు గొంతు సవరించుకుంది. "పిల్లలకి అదంటే ఎంతో ఇష్టమండీ."

నేను వెనక తొట్టి దగ్గర చేతిలో పళ్ళెంతో నిలబడిపోయాను. నానమ్మ మొహం ఎర్రబడింది. ఆమె అయినా లేచి ఏదో ఒకటి అంటుందనుకున్నాను. పదకొండు సమావేశాల్లో ఆ ఫేన్ గారినే నోరెత్తనివ్వని మనిషి. ఆమె లేచింది. నోరు తెరిచింది.

"ఇంకొంచెం కాఫీ పోయమంటారా, ఫేన్ గారూ?" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. మా దీవుల్లో ఇంటికొచ్చిన వాళ్ళతో తగువు పెట్టుకోం, కష్టాలు చెప్పుకోం. ఇక్కడ గాలి మారిందంటే వచ్చినవాళ్ళు మూడు రోజులు మన ఇంట్లోనే పడుకోవాలి. ఒకే పొయ్యి దగ్గర మొహాలు చూసుకోవాలి. అందుకని చెప్పాల్సిన కటువు మాట ఏదైనా వాళ్ళు పడవెక్కాకే చెబుతాం. ఎవరూ నేర్పలేదు, అందరం అలాగే పెరిగాం. నానమ్మ ఆ పదిహేడు మందినీ పిలిచి, కడుపునిండా పెట్టి, ఆ తర్వాత వాళ్ళ ముందు గోడు వెళ్ళబోసుకోమంది. మా వాళ్ళకి అది చేతకాని పని. ఆమెకీ చేతకాలేదు.

గంటలో సమావేశం అయిపోయింది. ఫేన్ గారు నానమ్మ చెయ్యి పట్టుకుని, "ఇంత తృప్తిగా ఉన్న మనుషుల్ని నేను చూడలేదండీ. ఇక్కడ ఏదీ మార్చాలని నాకనిపించడం లేదు," అన్నారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. నానమ్మ తల ఊపింది. ఆమె అంత చిన్నగా కనబడటం నేనెప్పుడూ చూడలేదు.

అందరం వాళ్ళని సాగనంపడానికి రేవుకి నడిచాం. మా నాన్న వేసవంతా చేపల వేటకి ఉత్తరాన ఉంటాడు కాబట్టి పడవల తాళ్ళు చూసుకునే పని నాది. మాట్లాడక్కర్లేని పని, నాకు ఇష్టం. పదిహేడు మందీ పడవెక్కారు. నాడీన్ అక్క ఇంజను వేసింది. వెనక తాడు విప్పి లోపలికి విసిరాను. ముందు తాడు దగ్గరికి నడిచాను.

సరిగ్గా అప్పుడు మొదలైంది.

"ఒక్క మాటండీ, ఆ నర్సు సంగతి," అంది పెల్ ఆంటీ, రేవు అంచుకి వచ్చి.

"ఈ రేవు కింద స్తంభాలు రెండు పుచ్చిపోయాయండోయ్," అన్నాడు ఓవిడ్ తాత.

మా టీచరు చేతులు ఊపుతూ బడి పడవ గురించి చెబుతోంది. స్కూప్ వాళ్ళూ లిటిల్ యూ వాళ్ళూ ఒకరి మీద ఒకరు పడి మాట్లాడుతున్నారు. వారమంతా బడిలో కూర్చుని పంచుకున్న మాటలన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. ఇంజను హోరులో పడవలో వాళ్ళకి ఒక్క ముక్కా అందడం లేదు. ఫేన్ గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని నవ్వుతూ, "అవునండీ, పై చాలా బాగుంది," అని తిరిగి కేకేశారు.

"సిగ్నీ, తాడు విప్పవే," అంది నాడీన్ అక్క.

తాడు ఇనప గుంజ మీద నుంచి సగం విప్పేశాను. నా పక్కన రొవీనా నిలబడి ఉంది. మా వాళ్ళు ఏమంటున్నారో తెలుసుకోవాలని తల తిప్పి కుడి చెవి అటు పెడుతోంది. అంత గోలలో ఆమెకి ఏదీ అందడం లేదని మొహంలో తెలుస్తోంది. మళ్ళీ తిప్పింది. నేను ఆలోచించలేదు. విప్పిన తాడు మళ్ళీ గుంజకి రెండు చుట్లు చుట్టి, ముడి బిగించి, దాని మీద కాలు పెట్టి నిలబడ్డాను.

"ఏమైందే? ఇరుక్కుందా?"

లేదని తల ఊపాను.

నాడీన్ అక్క నన్ను చూసింది. రేవు మీద జనాన్ని చూసింది. ఆమె కూడా మా దీవి మనిషే. ఇంజను ఆపేసింది.

హోరు ఒక్కసారి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ఓవిడ్ తాత కేక ఒక్కటే నీళ్ళ మీద స్పష్టంగా వినిపించింది. "...మళ్ళీ మూడు ముక్కలు చేశావంటే ఆ పటం నీ చేతే మింగిస్తాను, సన్నాసీ."

ఫేన్ గారి నవ్వు అలాగే ఉండిపోయింది. "నన్నేనా అన్నారు?"

తాత టోపీ తీశాడు. "మీకు వినబడుతుందనుకోలేదండీ." టోపీ మళ్ళీ పెట్టుకుని, "కానీ అన్నమాట అన్నమాటే," అన్నాడు.

"మరి ఇందాక బడిలో రేవు బాగుందన్నారు కదా?"

"ఇందాక మీరు మా చుట్టాలు కదండీ."

ఫేన్ గారు రెయిలింగు మీద చేతులు వేసి దిగబోయారు. "అయితే ఉండండి, వచ్చి కూర్చుని మాట్లాడుకుందాం."

"దిగొద్దు," అని నానమ్మ గట్టిగా అరిచింది. అప్పటికి ఆమె గొంతు ఆమెకి తిరిగొచ్చింది. "ఒక్కరు కూడా దిగొద్దు. మీరు దిగారంటే వీళ్ళు మళ్ళీ కాఫీ పెడతారు. అక్కడే కూర్చోండి."

వాళ్ళు కూర్చున్నారు. కొరీన్ గారు లైఫ్ జాకెట్ల పెట్టె మీద కాగితాలు పెట్టుకుని రాయడం మొదలుపెట్టారు. నర్సు రాని ఏడు వారాలూ పెల్ ఆంటీ ఒక్కొక్కటిగా చెప్పింది. ఏ రోజు జ్వరం వచ్చింది, ఏ రోజు ఎవరికి ఫోను చేసింది, ఏం జవాబొచ్చింది. గొంతు పెంచలేదు. కోట్స్ గారు లేచి వచ్చి రెయిలింగు దగ్గర నిలబడ్డారు.

"ఇప్పుడెలా ఉందమ్మా నీ చెవి?" అని రొవీనాని అడిగారు.

"మీరు కుడివైపు నుంచి మాట్లాడండి," అంది రొవీనా. "ఎడమవైపు కొట్టు మూసేశాం."

ఆయన నిజంగానే పడవలో ఆమె కుడివైపుకి నాలుగడుగులు నడిచి, "ఇప్పుడు?" అన్నారు.

"ఇప్పుడు బాగా వినిపిస్తున్నారు. గొంతు బొంగురుగా ఉంది, పై ఎక్కువ తిన్నారేమో."

ఆటు మొదలై నీళ్ళు దిగుతున్నాయి. పడవ కిందికి పోతుంటే తాడు కొంచెం కొంచెంగా వదులుతూ నిలబడ్డాను. మొదట్లో వాళ్ళూ మేమూ ఒకరి మొహాలు ఒకరం ఎదురుగా చూసుకున్నాం. గంట దాటేసరికి పదిహేడు మందీ మెడలెత్తి మమ్మల్ని చూస్తున్నారు. చివరికి చెప్పేవాళ్ళు అయిపోయారు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని ఫేన్ గారు అందరి వైపూ చూసి, నా దగ్గర ఆగారు. "నువ్వేమైనా చెప్తావా అమ్మా?"

చేతిలో తాడు సర్దుకుంటూ లేదన్నాను.

"దాని మాట అది చెప్పేసింది లెండి," అంది నాడీన్ అక్క. "ఇంక తాడు విప్పవే, నాకు ఇంటి దగ్గర పిల్లలున్నారు."

సెప్టెంబరు మొదటి వారంలో కారోలో ఓటింగు. పగలే పెట్టారు, పది గంటలకి. మా వాళ్ళు రావడానికి వీలుగా అలా పెట్టారని కొరీన్ గారు నానమ్మ చెవిలో చెప్పారు. అయినా ఆ రోజు సాల్మన్ చేపలు గుంపులుగా వస్తున్నాయని అందరూ వేటకి పోయారు కాబట్టి నానమ్మా నేనే వెళ్ళాం. గోడకి రెండు పటాలు తగిలించారు. ఒకటి పాతది. రెండోదాంట్లో మా నాలుగు దీవులూ లుండ్ ఉత్తరపు కొసతో కలిసి ఒకటే నీలం రంగులో ఉన్నాయి. ఇరవై మంది వచ్చారు. ఒకాయనకి జ్వరం.

నానమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.  ఈసారి పోతే చార్టర్ మళ్ళీ ముట్టుకునేది పదేళ్ళ తర్వాత. అప్పటికి తనకి ఎనభై మూడు వస్తాయని పొద్దున పడవలో అంది.

కోట్స్ గారు ముందు మాట్లాడారు. "వీళ్ళని మాతో కలుపుకోమని మా ఊరివాళ్ళకి చెప్పాను. తిట్టారు. వీళ్ళు గొడవ మనుషులన్నారు. అవును, నేను విన్నాను, నిజమే. కలుపుకుందాం."

ఫేన్ గారు చెవి మీది పెన్సిలు తీసి బల్ల మీద పెట్టారు. "నా అభిప్రాయం మారలేదు. ముగ్గురు సభ్యులుంటేనే ఆ దీవులకి మేలని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ వాళ్ళకి ఏది కావాలో వాళ్ళే చెప్పారు, నేను విన్నాను. విన్నాక నా అభిప్రాయానికే ఓటేస్తే ఇక అంత దూరం వెళ్ళడం దేనికి." నీలం పటానికి చెయ్యెత్తారు.

పన్నెండు చేతులు లేచాయి. ఎనిమిది లేవలేదు.

నానమ్మ లేచింది. కొరీన్ గారిని అడిగి ఆ నీలం పటం కాపీ ఒకటి తీసుకుని, చుట్టి, చంకలో పెట్టుకుంది. మెట్ల మీద ఫేన్ గారు ఎదురైతే ఆయన కోటు కాలరు సరిచేసి, "సన్నాసీ," అంది. ఆయన తల వంచి నవ్వారు.

నవంబరులో చార్టర్‌కి జనం ఓటెయ్యాలి, తర్వాత కౌన్సిల్ ఎన్నిక. అవన్నీ ఇంకా ముందున్నాయి. కానీ ఆ సాయంత్రం టపా పడవ ప్రతి చిన్న దీవి దగ్గరా ఆగింది, ప్రతి రేవులోనూ జనం కనిపెట్టుకుని ఉన్నారు. నానమ్మ గొంతు పట్టేసిందట, నన్ను చెప్పమంది. ఇంజను గదిలో నాడీన్ అక్కతో మాత్రం గలగలా మాట్లాడుతూనే ఉంది.

పికెట్‌లో నా గొంతు ఎవరికీ వినబడలేదు. పటం విప్పి పైకెత్తి చూపించాను. రొవీనా గెంతింది. పెల్ ఆంటీ కళ్ళు తుడుచుకుంది. ఆమె మరిది మాత్రం, "అయితే కౌన్సిల్‌కి నిలబడేది పికెట్ మనిషే. నష్టపోయింది మనం," అన్నాడు.

స్కూప్‌లో కొంచెం గట్టిగా చెప్పాను. "కలిపేశారు. పన్నెండు, ఎనిమిది." అక్కడ ఒకావిడ వెంటనే, "పికెట్ వాళ్ళు అప్పుడే ఎవర్నో అనుకుని ఉంటారు. మేమూరుకోం," అంది.

లిటిల్ యూలో ఉన్నది రెండు కుటుంబాలు. వాళ్ళు విషయం విని, తమలో తాము మాట్లాడుకుని, తమవాడే నిలబడాలని అక్కడే తేల్చేశారు.

టర్న్ రేవులో ఓవిడ్ తాత ముందు వరసలో ఉన్నాడు. అందరికీ వినబడేట్టు చెప్పాను. నాకే నా గొంతు కొత్తగా ఉంది. జనం చప్పట్లు కొట్టారు. తాత టోపీ వెనక్కి జరిపి, "సరే. మరి నిలబడేది ఎవరు? ఆ పికెట్ వాళ్ళు కాదు కదా?" అన్నాడు. ఒకళ్ళు టీచరన్నారు. ఇంకొకళ్ళు, టీచరు నిలబడితే పిల్లలకి పాఠం ఎవరు చెబుతారన్నారు. లుండ్ వాళ్ళు మనకన్నా అయిదింతలు, ముందు వాళ్ళతో మాట్లాడాలి కదా అని మూడో వాళ్ళు. అప్పుడే గొంతులు లేచాయి.

నానమ్మ పడవ అంచు మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాళ్ళు ఊపుకుంటూ ఆ గోలంతా విన్నది.

"ఏమే, విన్నావా," అంది నాతో, పట్టేసిన ఆ గొంతుతోనే. "నాలుగు దీవులూ కలిసి ఒక్క కుర్చీ కోసం కొట్టుకోవడం నేను ఇదే చూడటం."

దిగుదాం రమ్మన్నాను. ఇంకాసేపు ఉందామంది.